జంగయ్య మందలో అన్నిటికంటే చిన్నది

పిల్లలూ, మీరు గొర్రెల మందను బొమ్మల పుస్తకంలో తప్ప ఎక్కడా చూడలేదు. కాబట్టి జంగయ్య కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు. కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను.

పాలమూరు వైపు ఒక ఊళ్ళో జంగయ్య అనే గొర్రెల కాపరి ఉండేవాడు. మందలో ఏ జీవానికీ చిన్న నలత కూడా రానిచ్చేవాడు కాదు గానీ, మనిషి ఒంటికి మాత్రం గొంగడి ఒక్కటి చాలని నమ్మేవాడు.

అలాంటి కాపరి ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. గొర్రెపిల్ల పక్కటెముకల మీద చెవి పెట్టి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందో లేదో చెప్పేవాడు. పశువుల డాక్టరు టీకాలు వేయడానికి వచ్చిన రోజు జంగయ్యకు తిండి ధ్యాస ఉండేది కాదు. ఒక్కో జీవాన్నీ తనే ఒడిసి పట్టుకునేవాడు. సూది పడగానే దాని వీపు మీద ఎర్రటి జాజు మట్టితో బొట్టు పెట్టేవాడు. పొద్దు వాలేవేళ మంద మధ్యకు వెళ్లి, బొట్టు లేనిది ఎక్కడైనా దాక్కుందేమోనని వెతికేవాడు. "ఒక్కదానికి సూది తప్పితే మందకే తప్పినట్టు" అనేవాడు. తోటి కాపరులు ఆ మాటను సామెతలా వాడుకునేవారు.

చలికాలంలో ఆ నేల మీద మేత ఎండిపోయేది. అప్పుడు కాపరులు మందలు తోలుకొని కృష్ణ ఒడ్డు పొలాలకు వలస వెళ్ళేవారు. రైతులు తమ చేలల్లో మంద కట్టించుకొని, గొర్రెల పెంటికల ఎరువుకు బదులుగా ధాన్యం ఇచ్చేవారు. మంద సోమవారమే కదలాలని వాళ్ళ ఆనవాయితీ. కదిలిన మందను పెద్ద కాపరి మళ్ళీ ఇల్లు చేరేదాకా విడిచి పోకూడదని ఇంకొక ఆనవాయితీ.

ఆ ఏడు గొర్రెల టీకా ఆలస్యంగా వచ్చింది. జంగయ్య రెండు సోమవారాలు ప్రయాణం ఆపేశాడు. జీవాలన్నిటికీ సూది పడి, అవి తేరుకున్నాకే కదలాలన్నాడు. ఎప్పుడూ అతనితో కలిసే వలస వెళ్ళే పక్క మంద కాపరి ఆశన్న సణిగాడు గానీ కాదనలేకపోయాడు.

జంగయ్య ఇంట్లో అప్పటికి ఒక మనవరాలు పుట్టింది. కొడుకు పర్వతాలుకూ, కోడలు శివలీలకూ తొలి చూలు. పాపకు నెలన్నర నిండింది. బుధవారం తీసుకొస్తే నెమ్ము రాకుండా కాపాడే టీకా వేస్తామని ఆస్పత్రి నర్సు శివలీలకు చెప్పి వెళ్ళింది. మంద కదలాల్సింది దానికి ముందు సోమవారం. శివలీల మామగారికి ఎదురు మాట్లాడే మనిషి కాదు. అయినా ఆ రోజు అన్నం పెడుతూ అడిగింది.

"మామా, బుధవారం పాపకు సూది వేయించుకొని కదులుదాం."

జంగయ్య నవ్వాడు. "నేను గొంగట్ల పెరిగిన. నీ మొగడు గొంగట్ల పెరిగిండు. మాకెవరు వేసిండ్రు బిడ్డా సూది?"

"గొర్ల సూదికి రెండు సోమవారాలు ఆగినం గదా మామా."

"గొర్లు నోరులేనియి. నొప్పయితే చెప్పుకోలేవు."

శివలీల ఒడిలో నిద్రపోతున్న పాప వైపు చూసింది. "దీనికున్నదా నోరు?" అంది నెమ్మదిగా.

జంగయ్య కంచం పక్కకు నెట్టాడు. చేయి కడుక్కొని, కర్ర పట్టుకొని బయటికి వెళ్ళిపోయాడు. సోమవారం మంద కదిలింది.

కృష్ణ ఒడ్డున మంచు దట్టంగా పడేది. మొదట పాపకు ముక్కు కారింది. తర్వాత దగ్గు పట్టుకుంది. చలిగాలి తగిలిందిలే అని గుడారానికి ఇంకొక గొంగడి కట్టాడు జంగయ్య.

ఒకనాటి పొద్దున్నే తడక తీసి జీవాలను వదలబోతుంటే అతనికి ఒక చప్పుడు వినపడింది. పొట్టి పొట్టి ఊపిరి, దాని వెనకే సన్నని మూలుగు. ఆ చప్పుడు అతనికి బాగా తెలుసు. ఏదో పిల్లకు నెమ్ము చేసిందనుకున్నాడు. గొర్రెపిల్లలను ఒక్కొక్కటిగా మోకాళ్ళ మధ్య పట్టి చెవి పెట్టి విన్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చప్పుడు మాత్రం ఆగలేదు. అప్పుడు తల ఎత్తి గుడారం వైపు చూశాడు.

లోపల శివలీల పాపకు పాలు పట్టాలని చూస్తోంది. పాప చనుమొన అందుకోలేకపోతోంది. జంగయ్య గుడ్డ తొలగించి చూశాడు. ఊపిరి ఊపిరికీ డొక్కలు లోపలికి పోతున్నాయి.

బయటికి వచ్చి తన కర్ర కొడుకు చేతిలో పెట్టాడు.

"నువ్వు మందను విడుస్తవా నాయినా?" అన్నాడు పర్వతాలు నమ్మలేక.

"మంద నీది. ఇది నాది" అన్నాడు జంగయ్య. పాపను గొంగట్లో చుట్టి రొమ్ముకు హత్తుకొని, రోడ్డు మీదికి పరుగెత్తి పాల వ్యాను ఆపాడు. శివలీల వెనకే ఎక్కింది.

ఆస్పత్రిలో పాప ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, చేతికి సూదిమందు ఎక్కించారు. డాక్టరమ్మ టీకాల గురించి అడిగింది. శివలీల తల వంచుకుంది గానీ మామగారి పేరు ఎత్తలేదు. జంగయ్యే ముందుకు వచ్చాడు.

"నా కోడలు సూది వేయించుదామని అడిగింది డాక్టరమ్మా. నేనే ఆగనియ్యలే."

ఆ తర్వాత అతను పాప మంచం దగ్గర నుంచి కదల్లేదు. మంద ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు. పాప ఊపిరినే వింటూ కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం ఆ ఊపిరి మెత్తబడింది. పాప కళ్ళు తెరిచి, ఆకలితో గుక్కపట్టి ఏడ్చింది. జంగయ్య గోడ వైపు తిరిగి గొంగడి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"కాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు" అంది డాక్టరమ్మ. తర్వాత విడమరిచి చెప్పింది. ఆ టీకా వేస్తే ఏ రకం నెమ్మూ రాదని ఎవరూ మాట ఇవ్వలేరు. కానీ పసివాళ్ళ ప్రాణం మీదికి తెచ్చే ముఖ్యమైన క్రిమిని అది చాలావరకు అడ్డుకుంటుంది. వలసలో ఉన్నామని మానక్కరలేదు, గుడారం ఎక్కడ వేస్తే అక్కడి సర్కారు ఆస్పత్రిలోనే వేయించుకోవచ్చు.

పాప తేరుకున్నాక అక్కడే టీకా వేశారు. జంగయ్య తనే పాపను పట్టుకున్నాడు, గొర్రెపిల్లను పట్టుకున్నంత ఒడుపుగా. గుడారానికి తిరిగొచ్చాక జాజు తడిపి పాప అరికాలికి చిన్న బొట్టు పెట్టాడు. శివలీల చాలా రోజులకు నవ్వింది.

మరుసటి ఏడు మళ్ళీ వలస సోమవారం వచ్చింది. ఆశన్న తెల్లవారకముందే కర్రతో సిద్ధమయ్యాడు. జంగయ్య మాత్రం తన మంద తడకకు అడ్డంగా గొంగడి పరుచుకొని కూర్చున్నాడు.

"ఏంది జంగన్నా, మనవరాలిని గూడ మందల కలిపినవట" అన్నాడు ఆశన్న ఎగతాళిగా. "దాని సూదులన్నీ అయినయి గదా. ఇంకెవరి కోసం కూసున్నవ్?"

"నీ మనవడి కోసం" అన్నాడు జంగయ్య.

ఆశన్న కూతురు పురిటికి వచ్చి ఉంది. బాలింత చేతిలో నెలన్నర నిండిన మగబిడ్డ. వాళ్ళూ మంద వెంటే కదలాలి.

"బుధవారం వాడికి సూది పడనీ. నెమ్ము చప్పుడు నేను విన్న ఆశన్నా. నువ్వు వినొద్దు."

ఆశన్న కర్ర కింద పెట్టి, ఆ గొంగడి మీదే పక్కన కూర్చున్నాడు. ఆ ఏడు మందలు గురువారం కదిలాయి. సోమవారం తప్పిందని ఏ గొర్రే అలగలేదు.

నీతి: రోగం గడప తొక్కకముందే టీకా వేయించాలి, మందలో అన్నిటికంటే చిన్నదాన్ని కాపాడినవాడే మందను కాపాడినవాడు.

పిల్లలూ, ఈ కథను మీ దగ్గరే దాచుకోకండి. పసిబిడ్డ ఉన్న ఇంటికి ఎప్పుడు వెళ్ళినా, ఊయల ఊపుతూ అక్కడివాళ్ళకు జంగయ్య గురించి చెప్పి రండి.