మోచేతి కాపలాదారు

గగనమల్ల మహారాజు భూమ్మీద చోటు చాలక ఆకాశంలో కోట కట్టించుకున్నాడు. చోటెందుకు చాల్లేదని ఎవరూ అడగలేదు. రాజుల్ని అలాంటివి అడగరు.

ఆ కోటలో దేనికీ బరువుండదు. మహారాజు తేలిపోకుండా ఆయన్ని పట్టు దట్టీలతో సింహాసనానికి కట్టేవారు. సభికులు కాళ్లు కమ్మీల కింద దూర్చుకుని నిలబడేవారు. కిరీటానికి గడ్డం కింద నాడా ఉండేది.

కోట బయట ఒక పెద్ద ఇనుప చెయ్యి ఉంది. మనిషి చేతికి మల్లేనే దానికీ భుజం, మోచెయ్యి, మణికట్టు ఉన్నాయి. భూమి నుంచి సరుకుల ఓడ వచ్చి కాస్త దూరంలో ఆగితే, ఆ చెయ్యి దాన్ని పట్టి గుమ్మానికి చేర్చాలి.

దాన్ని నడిపేవాడు భుజబలరాయుడు. లోపల గదిలో కూర్చుని రెండు పిడులు పట్టుకునేవాడు. ఎడమ పిడితో చెయ్యి ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందకీ జరుగుతుంది. కుడి పిడితో మణికట్టు తిరుగుతుంది. మణికట్టుకున్న కెమెరా చూపించేదే ఆయన తెర మీద కనిపిస్తుంది. పనిమంతుడే. ఆ సంగతి ఆయనే రోజూ అందరికీ చెప్పేవాడు.

ఆయన పక్క కుర్చీ గవరయ్యది. మిగతా కెమెరాల తెరలు చూస్తూ, చెయ్యి దేనికైనా తగిలేలా ఉంటే "ఆపండి" అనడమే అతని ఉద్యోగం. ఆ మాట వినగానే ఎవరైనా ఆపి తీరాలి. అది కోట కట్టిన నాటి కట్టుబాటు.

ఒకసారి ఓడలో మహారాజుకు కొత్తావకాయ జాడీ వచ్చింది. గవరయ్య మాటిమాటికీ ఆపమనడంతో అది గుమ్మం చేరేసరికి ఆయన చప్పటి పప్పుతో భోజనం కానిచ్చేశాడు. ఆ మంట ఆవకాయ తిన్నా చల్లారలేదు.

"ఈ ఆలస్యం ఎవరి వల్ల?" అని కొలువులో అడిగాడు.

"నడిపేది నేను, ఆపేది ఇతను ప్రభూ," అన్నాడు రాయుడు. "నేను ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు పక్కన ఎవడూ ఆపు ఆపు అనడు కదా. ఆ చెయ్యీ నాకు సొంత చెయ్యిలాంటిదే. ఇతన్ని కిందికి పంపేయండి, ఓడలు ఇట్టే వస్తాయి."

మహారాజు గవరయ్య వంక తిరిగాడు. "నాకూ నీ ఉద్యోగం బోధపడటం లేదయ్యా. ఒక్క మాట అనడానికి ఒక మనిషా?"

"అనాల్సినప్పుడు అనడానికి, ప్రభూ."

"సరే. రేపు ఇంకో ఓడ వస్తోంది. రాయుడు దాన్ని పట్టేదాకా నువ్వు నోరు మెదపకూడదు. మెదిపావా, ఉద్యోగం పోయినట్టే. మెదపకుండానే ఓడ చేరిందా, నువ్వు అక్కర్లేదని తేలినట్టే. అప్పుడూ పోయినట్టే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. గవరయ్యకు ఆ కుర్చీ తప్ప వేరే బతుకు తెలియదు. అయినా చేతులు కట్టుకుని ఒక మనవి చేశాడు.

"రాయుడుగారి విద్యను ప్రభువులు తెర మీద చూడటం ఏం బాగుంటుంది? కోట అంచునున్న గాజు మండపంలో సింహాసనం వేయిస్తాను. అక్కణ్ణించి చెయ్యి మొత్తం కనిపిస్తుంది."

రాయుడు పొంగిపోయాడు. మహారాజు అలాగే వేయించమన్నాడు.

మర్నాడు మహారాజును గాజు మండపంలో సింహాసనానికి కట్టారు. ఎదురుగా మైకు పెట్టారు. సభికులు ఆయన వెనక కమ్మీల కింద కాళ్లు దూర్చుకున్నారు. రాయుడు పిడులు పట్టుకున్నాడు. గవరయ్య పక్కన కూర్చుని పెదవులు బిగించాడు. నుదుటి మీద పట్టిన చెమట కిందికి కారకుండా అక్కడే ముద్దకట్టింది.

రాయుడి తెర మీద ఓడ ముచ్చటగా పెద్దదవుతోంది. దాన్ని సూటిగా పట్టాలంటే మణికట్టు పక్కకు జరగాలి. మణికట్టు పక్కకు జరిగితే, మోచెయ్యి ముడుచుకుని వెనక్కి వస్తుంది. వెనకాల గాజు మండపం ఉంది.

"భేష్ రాయా," అని మైకులో వినిపించింది.

"తమ దయ ప్రభూ."

ఎద్దుబండంత మోచెయ్యి గాజు వైపు కదిలింది. ఆ చెయ్యి ఎప్పుడూ నెమ్మదిగానే కదులుతుంది. అందువల్ల మహారాజుకు భయపడటానికి కావలసినంత వ్యవధి దొరికింది.

"రాయా, ఇది నా మీదికి వస్తున్నట్టుంది."

"అక్కణ్ణించి అలాగే అనిపిస్తుంది ప్రభూ. ఓడ దాదాపు చేతికి చిక్కింది."

మహారాజు లేవబోయాడు. దట్టీలు గట్టిగా కట్టారు. మోచేతి మీది మరలు విడివిడిగా కనిపించసాగాయి.

"ఆపు! ఆపండయ్యా!"

రాయుడు పిడులు వదిలేశాడు. చెయ్యి కాసేపు ఊగి, గాజుకు జానెడు దూరంలో నిలిచింది.

"నోరు మెదపవచ్చా ప్రభూ?" అన్నాడు గవరయ్య.

"మెదుపు, మెదుపు."

"నా ఉద్యోగం ఏమిటో బోధపడలేదన్నారు. ఏలినవారు ఇప్పుడు చేసింది అదే."

మైకులో మహారాజు గొంతు ఈసారి మెల్లగా వినిపించింది.

"నేను అరవకపోయి ఉంటే?"

"నేనే అరిచేవాణ్ణి ప్రభూ. నా ఉద్యోగం పోయేది, ఏలినవారు మిగిలేవారు."

"నా తెర మీద ఓడ తప్ప ఏమీ లేదు ప్రభూ," అని గొణిగాడు రాయుడు. "నా మోచెయ్యి నాకెలా కనిపిస్తుంది?"

"ఇక మాట్లాడకు," అన్నాడు మహారాజు. మెడలోని ముత్యాల దండ తీసి గవరయ్యకు పంపమన్నాడు. "గవరయ్యా, నీ కుర్చీ నీదే. కొలువులో నా పక్క కుర్చీ కూడా నీదే. ఇకమీద నేను ఆజ్ఞలు వేసేటప్పుడూ చూస్తూ ఉండు."

"చిత్తం."

"ఇదిగో మొదటి ఆజ్ఞ. ఈ రాయుణ్ణి ఇవాళే, ఈ ఓడలోనే కిందికి..."

"ఆపండి ప్రభూ."

మహారాజు నోట్లో మాట నోట్లోనే ఆగింది.

"ఓడ ఇంకా బయటే ఉంది. దాన్ని పట్టాల్సింది ఆయనే."

ముందు మైకులో మహారాజు నవ్వు వినిపించింది. తర్వాత సభంతా నవ్వింది. అందరికన్నా ఆఖర్న రాయుడు నవ్వాడు. నవ్వుతూనే పక్కకు తిరిగి, మోచెయ్యి ఎక్కడుందో గవరయ్యను అడిగి, పిడులు పట్టుకున్నాడు.