అరుగు మీది గొంతు

మా గురువుగారు అప్పలాచార్యులు గారు ఏ ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పరు. ముందు చింతపండులో నాలుగు గింజలు తీస్తారు. ఆ గింజల చప్పుడు కూడా నాకు పాట ముందు శ్రుతిలా వినిపిస్తుంది.

ఆ సాయంత్రం అడిగినవాడు విద్యాధరుడు. పట్నంలో రెండేళ్లు చదివి వచ్చి, మొహం చిన్నబుచ్చుకుని తిరుగుతున్నాడు.

“గురువుగారూ, పడమటి దేశాల్లో ప్రతివాడూ నేను నేనే అంటాడు. తన బతుకు తనది. మనమేమో ఫలానా వాళ్లబ్బాయి, ఫలానా వాళ్ల కోడలు. మనకంటూ ‘నేను’ లేదనేగా?”

గురువుగారు ఒక గింజ తీసి పక్కన పెట్టారు.

“నా పాతికేళ్లప్పుడు ఎరిక్ అనే తెల్లాయన మన కథలు రికార్డు చేసుకోవడానికి వంశధార ఒడ్డుకొచ్చాడు. నేను దుబాసీని. అక్కడ పైడమ్మ అని ఒకామె ఉండేది. ఏడుగురన్నల చెల్లెలి కథ పొద్దున మొదలెడితే పొద్దు గుంకేదాకా చెప్పేది. అది ఆమె ఒక్కదానికే వచ్చనుకునేవాళ్లం. ఆమెకు గొంతులో పుండు. మేం వెళ్లిన మర్నాడే ఆపరేషను. ఆ తర్వాత మాట రాదని డాక్టరు చెప్పేశాడు.”

“ఊ,” అన్నాడు విద్యాధరుడు.

“ఆమె కథ చెబితే ఆడపడుచు సూరమ్మ పక్కన కూర్చుని ఊ కొట్టేది. ఎరిక్ సూరమ్మను బయటికి పంపమన్నాడు. ‘ఇది పైడమ్మ కళ. ఆమె గొంతు ఒక్కటే కావాలి’ అన్నాడు. గౌరవంతోనే అన్నాడు పాపం. తలుపేశాం, ఫ్యాను ఆపేశాం. పైడమ్మ రెండు మాటలు చెప్పి ఆగింది. మళ్లీ మొదలెట్టి, మళ్లీ ఆగింది. మూడోసారీ అంతే. మరిచిపోయిందేమోనని ఎరిక్‌కు చెమటలు పట్టాయి. ఉన్నది ఆ ఒక్క రోజు.

“పైడమ్మ తొణకలేదు. రాణిలా కూర్చుని అంది: ‘మరిసిపోనేదు బాబూ. నా గొంతు కావాలన్నావు కదా. అందులో సగం అరుగు మీద కూకుంది. పిలువు.’”

“ఊ.”

“ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే ఎరిక్ లేచాడు. తనే వెళ్లి తలుపు తీశాడు. సూరమ్మ వస్తూనే, ‘ఏటి వదినా, నాను నేకపోతే నోరు పెగల్లేదేటి’ అని ఎగతాళి చేసింది. కూర్చుని ఊ అంది. ఇక ఆ గొంతు పుండున్న గొంతా? వరదొచ్చిన వంశధార. దీపాలు పెట్టేలోగా కథ చివరంటా చెప్పేసింది. టేపు డబ్బా మీద ఎరిక్ రెండు పేర్లూ రాసుకున్నాడు.”

“ఊ. తర్వాత?”

“ఆమె మాట పోయింది. కథ పోలేదు. ముప్పై ఏళ్లు ఊ కొట్టిన సూరమ్మకు అందులో ఒక్క ముక్క రాకుండా లేదు. ఆమె చెబుతుంటే పైడమ్మ పక్కన కూర్చుని మోకాలి మీద చేత్తో తట్టేది.”

చిన్నప్పుడు మా నాయనమ్మ పక్కలో నేను కొట్టిన ఊలన్నీ ఒక్కసారి వచ్చి నా చుట్టూ కూర్చున్నట్టయింది.

విద్యాధరుడు తలెత్తాడు. “అయితే పైడమ్మకు ‘నేను’ ఉన్నట్టా, లేనట్టా?”

గురువుగారు చింతపండు పళ్లెం ఒళ్లోకి తీసుకున్నారు.

“ఇందాకటి నుంచీ నువ్వు ఎన్నిసార్లు ఊ అన్నావో చూసుకున్నావా, నాయనా?”