ఊపిరి వినబడరాదు

పేరు చెబితే ఆ ఊరివాళ్ళు నొచ్చుకుంటారు గనక, ఒకానొక రాజ్యంలో అనే అందాం. దాన్ని ఏలే ఉద్దండరాయుడు చెడ్డవాడేమీ కాదు. కాకపోతే తనకు రాని విద్య లేదనుకునేవాడు. వంటవాడికి ఉప్పు గురించీ, కుమ్మరికి మట్టి గురించీ పాఠాలు చెప్పేవాడు. అందరూ "చిత్తం, చిత్తం" అనేవారు. రాజుగారు అటు వెళ్ళగానే ఎవరి పని వారు ఎప్పటిలాగే చేసుకునేవారు.

ఆ కొలువులో మద్దెల వాయించే ఓబళయ్యకు అరవై దాటాయి. ఆయన భార్య సింగారమ్మ ముప్పై ఏళ్ళు అక్కడే ఆడింది, ఆయన మద్దెలకే ఆడింది. ఆమె పోయి రెండేళ్ళయింది. పిల్లల్లేరు. ఇంట్లో వినబడే ఊపిరి తనదొక్కటే. ఒక్కోరోజు అదీ వినలేక మద్దెల ముందుపెట్టుకుని కూర్చునేవాడు గాని వాయించేవాడు కాదు. ముసలితనానికి పత్యాలైనా ఉన్నాయి, ఒంటరితనానికి అవీ లేవు.

ఆయనకు మిగిలిన ఊరట ఒక్కటే. సింగారమ్మ శిష్యురాలు లింగసాని ఇప్పుడు కొలువులో ఆడుతోంది. ఆ మేళంలో ఒక పద్ధతి ఉంది. ఆట చివర ముక్తాయింపు అందుకునే ముందు ఆడే మనిషి మద్దెలకు బారెడు దూరంలోకి వచ్చి నిలబడాలి. సింగారమ్మ అక్కడ నిలబడి రెండు పొట్టి ఊపిర్లు పీల్చి, మూడోది పొడుగ్గా వదిలేది. ఆ మూడో ఊపిరి మీదే కాలు లేచేది, మద్దెల మీద చెయ్యి పడేది. లింగసానికీ అదే నేర్పింది. ఓబళయ్య కళ్ళు మూసుకుంటే చాలు, సింగారమ్మ పక్కన ఉన్నట్టే ఉండేది.

ఒకరోజు రాజుగారు ఆట మధ్యలో చెయ్యెత్తాడు.

"ఆపండి! ఏమిటా రొప్పడం? రంభ రొప్పుతుందా? మేనక రొప్పుతుందా?"

రంభను చూసినవాళ్ళు సభలో ఎవరూ లేరు గనక అందరూ తలలు అడ్డంగా ఊపారు.

"నేటినుంచి నా ఎదుట పనిచేసేవారి ఊపిరి నా చెవిన పడరాదు. నాట్యానికి కావలసింది కాలూ చెయ్యీ. ఊపిరితో పనేమిటి? ఈ వాయించేవాళ్ళను తీసుకెళ్ళి ఆ మూల తెర వెనక కూర్చోబెట్టండి."

తెర కట్టారు. ఇంకేముంది, లింగసాని ఊపిరి బిగబట్టి ఆడబోతే కాలు బరువెక్కింది. తెర వెనక ఓబళయ్యకు ఆమె ఎక్కడుందో తెలియదు. కాలు పడ్డాక మద్దెల పలికింది. మూడు రోజులపాటు అదే వరస.

"ముసలాడికి చేతులు పడిపోయాయి. దసరా వెళ్ళేలోగా సరిపడకపోతే వాడికీ ఆ పిల్లకీ ఇద్దరికీ సెలవు" అనేశాడు రాజుగారు.

లింగసాని తెర వెనక్కి వచ్చి ఏడ్చింది. "నాయనా, నువ్వు పక్కన లేకపోతే నా వల్ల కావడంలేదు."

"నాకూ అంతేనమ్మా" అన్నాడు ఓబళయ్య. "సింగారమ్మ రెండోసారి పోయినట్టుంది."

మర్నాడు పొద్దున్నే ఆయన రాజుగారి ముందు నిలబడి చేతులు జోడించాడు.

"ప్రభూ, తమ ఆజ్ఞ అమోఘం. అయితే అది సగమే అమలవుతోంది. ఊపిరి మోత మా దగ్గరకంటే తమ పల్లకి దగ్గర ఎక్కువ. ఆ బోయీలు ఓహోం, ఓహోం అంటూ తమ చెవిలోనే రొప్పుతున్నారు. దసరా ఊరేగింపుకు పరదేశపు రాయబారులు వస్తున్నారు గదా, ఏమనుకుంటారు?"

రాజుగారి మీసం లేచింది. "నిజమే సుమా! ఎవరూ చెప్పరేం?"

"బోయీలకు కావలసింది భుజమూ కాలూ. ఊపిరితో పనేమిటి? వాళ్ళు నోరెత్తకుండా తమను గుడిదాకా మోసుకెళ్ళగలిగితే నాదే తప్పని ఒప్పుకుని మద్దెల అటకెక్కిస్తాను. మోయలేకపోతే మాత్రం వాళ్ళను ఏమీ అనకూడదు. కోపం వస్తే నా మీద చూపించండి."

"సరే" అన్నాడు రాజుగారు.

దసరానాడు పల్లకి లేచింది. ఎనిమిదిమంది బోయీలు నోళ్ళు కుట్టేసుకున్నట్టు నడిచారు. కోట గుమ్మం దాటేసరికే ముందువాళ్ళ అడుగు ఒక దారి, వెనకవాళ్ళ అడుగు ఒక దారి అయింది. మెట్లు దిగేచోట ముందువాళ్ళు దిగారు, వెనకవాళ్ళు దిగలేదు. రాజుగారు జారి పల్లకి ముందు చెక్కకు ముక్కు కొట్టుకున్నాడు. సందు మలుపులో ముందువాళ్ళు తిరిగారు, వెనకవాళ్ళు తిరగలేదు. కిరీటం ఒళ్ళో పడింది. రాయబారులు మర్యాదస్తులు, అందరూ ఒక్కసారిగా ఆకాశంకేసి చూశారు.

"ఒరేయ్! అనండిరా! ఓహోం అనండిరా!" అని అరిచాడు రాజుగారు.

ఆజ్ఞ అంటే ఆజ్ఞే. పాత ఆజ్ఞ రద్దయిందో లేదో తెలియక బోయీలు బిక్కమొహాలు వేశారు. ఇంతలో కాలవ గట్టు వచ్చింది. ఇక లాభంలేదని రాజుగారే పల్లకి కమ్మి రెండు చేతులా పట్టుకుని "ఓహోం! ఓహోం!" అని మొదలుపెట్టాడు. చిత్రం, నాలుగు అడుగుల్లో ఎనిమిదిమందీ ఒక్క నడకలో పడ్డారు.

పక్కనే నడుస్తున్న ఓబళయ్య వినయంగా అన్నాడు: "ప్రభూ, తమ ఊపిరి వినబడుతోంది."

రాజుగారు గుడ్లురిమాడు. ఓబళయ్య ఆగలేదు.

"వెనకబోయీకి దారి కనబడదు ప్రభూ. ముందువాడి ఊపిరే అతనికి కళ్ళు. తెర వెనక నేనూ వెనకబోయీనే."

రాజుగారు ముక్కు తడుముకున్నాడు. ఒళ్ళోని కిరీటంకేసి చూశాడు. ఉన్నట్టుండి పల్లకి ఊగిపోయేలా నవ్వాడు.

"ఈ మాట మొన్ననే చెప్పవచ్చుగా!"

"చెబితే తమరు నాకు మద్దెల పాఠం చెప్పేవారు."

రాజుగారు మళ్ళీ నవ్వి, చేతి కంకణం తీసి ఇచ్చాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"బారెడు చోటు ప్రభూ. లింగసాని పక్కన."

ఆ సాయంత్రం తెర తీసేశారు. లింగసాని మద్దెల దగ్గరికి వచ్చి నిలబడింది. ఓబళయ్య కళ్ళు మూసుకున్నాడు. రెండు పొట్టి ఊపిర్లు, ఆ తరవాత పొడుగుది. చెయ్యీ కాలూ ఒక్కసారే పడ్డాయి. అంతసేపూ బిగబట్టుకున్న ఊపిరిని రాజుగారు కూడా అప్పుడే గట్టిగా వదిలాడు. అది సభంతా వినబడింది గాని ఎవరూ నవ్వలేదు.

ఆట అయ్యాక ఓబళయ్య ఇంటికి వెళ్ళి తలుపు తీశాడు. లోపల ఎప్పటిలాగే ఊపిరి ఒక్కటే. కంకణం గూట్లో పెట్టి, సింగారమ్మ గజ్జెల పక్కన మద్దెల దించి, రేపటి ఆటకు దాని మొహం తుడుస్తూ కూర్చున్నాడు.