గెలిచాక చెప్పిన నిజం

అనగనగా సముద్రాలకు ఆవల, రాజులు లేని దేశం ఒకటి. దాని పేరు అమెరికా. రైళ్లు అప్పుడప్పుడే వస్తున్న కాలమది. ఆ దేశంలో పెద్ద నది ఒడ్డున ఒక రాష్ట్రం ఉండేది. దాన్ని ఏలేవాణ్ణి గవర్నరు అనేవారు. గవర్నరును జనమే ఓట్లు వేసి ఎన్నుకునేవారు.

ఒక ఏడాది ఆ పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకడు ఏమస్ పెల్టన్ అనే వకీలు. మాట తీపి, మనిషి మెత్తన. రెండోవాడు హైరమ్ కోల్డర్, పడవలు కట్టే మేస్త్రి. మాట కరుకు, పని చురుకు. ఇద్దరూ పాతికేళ్ల స్నేహితులు.

అంతకు పదేళ్ల ముందు ఆ నదికి వరద వచ్చింది. వరద వెనకే విషజ్వరం వచ్చింది. వాళ్లిద్దరూ ఉండే ఊళ్లో మందు లేదు. హైరమ్ మందు తెస్తానని ఏమస్ ఒక్కడికే చెప్పి, ఎదురు ప్రవాహంలో మూడు రోజులు తెడ్డు వేసి, ఎగువ పట్నం చేరాడు. మందు కొని, సరుకుల పడవలో ఏమస్‌కు పంపాడు. తాను మాత్రం జ్వరంతో నెలరోజులు అక్కడే పడిపోయాడు. ఏమస్ ఇంటింటికీ మందు పంచాడు. ఊరంతా ఏమస్‌కు దండం పెట్టింది.

హైరమ్ తిరిగి వచ్చి, "ఎవరు తెస్తే ఏం? బతికారు కదా" అని ఊరుకున్నాడు. ఏమస్ కూడా ఊరుకున్నాడు.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఏమస్ పక్షపు పత్రిక ఒక పుకారు అందుకుంది. వరదలో హైరమ్ ఊరిని వదిలి పారిపోయాడట!

మొదట ఆ పత్రిక నడిపేవాడు ఏమస్ దగ్గరకు వచ్చాడు. "పెల్టన్ గారూ, ఇది నిజమేనా? మీరు కాదంటే వేయను."

ఏమస్ లోలోపల లెక్క వేసుకున్నాడు. కాదంటే గెలుపు చేజారుతుంది. "మీ పత్రిక మీ ఇష్టం" అన్నాడు.

తరువాత ఒక సభలో తబిత అనే వితంతువు లేచి నిలబడింది. "అయ్యా, మందు రాకముందే నా భర్త ఆ జ్వరంతో పోయాడు. పడవ ఉన్నవాడు పారిపోయాడంటున్నారు. నిజమేనా?"

ఏమస్ తల వంచుకున్నాడు. "గతం తవ్వుకోవద్దమ్మా" అన్నాడు. సభ అంతా దాన్ని అవుననే అనుకుంది.

చివరకు హైరమ్ వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. టోపీ తియ్యలేదు.

"నా పిల్లలను వీధిలో పిరికివాడి పిల్లలంటున్నారు. నిజం తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఒక్క మాట చెప్పు, ఏమస్."

"ఎన్నికలు అయిపోనీ, హైరమ్. అందరిముందూ చెబుతాను. ఒట్టు."

హైరమ్ వెనుదిరిగి వెళ్లిపోయాడు.

ఏమస్ మూడు వందల ఓట్ల తేడాతో గెలిచాడు. బాజాలు మోగాయి. బైబిలు మీద చెయ్యి వేసి గవర్నరుగా ప్రమాణం చేశాడు. వెంటనే జనం వైపు తిరిగాడు.

"అన్నలారా! హైరమ్ పారిపోలేదు. మందు తెచ్చినవాడు అతనే. తెలిసి కూడా నేను చెప్పలేదు!"

జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. "ఓడినవాడి పరువు కోసం నింద తన మీద వేసుకుంటున్నాడు! ఎంత దొడ్డ మనసు!" ఆ చప్పట్లు మైదానమంతా పాకాయి.

తబిత కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "అలాంటివాణ్ణి కూడా క్షమించారు. మీరు దేవుడయ్యా."

"కాదమ్మా, నేను చెప్పింది నిజం!" అని ఏమస్ మొత్తుకున్నాడు. ఆమె అతని చేతులు కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

ఏమస్ గుర్రమెక్కి హైరమ్ ఇంటికి దౌడు తీశాడు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. హైరమ్ పెళ్లాం పిల్లలను బండెక్కించుకుని పడమటికి వెళ్లిపోయాడని ఇరుగుపొరుగు చెప్పారు.

ఏమస్ ఎన్నో ఉత్తరాలు రాశాడు. ఏడాది తరువాత ఒకే ఒక్క జవాబు వచ్చింది. "నీ మీద కోపం పోయింది, ఏమస్. నమ్మకమూ పోయింది. ఇక రాయకు."

ఏమస్ నాలుగేళ్లు చక్కగా పాలించాడు. జనం పొగిడినప్పుడల్లా అతని తల కిందికి దిగేది. ఎందుకో వాళ్లకు తెలియలేదు.

పిల్లలూ, నిజాన్ని దాని అవసరం ఉన్నప్పుడే చెప్పాలి. మన లాభం దక్కాక చెప్పే నిజం ఎవరినీ కాపాడలేదు.