వెదురెక్కిన రేగి

బొంగులకోన అడవి పేరు చెబితే చాలు, చిరుతపులికి నోరూరుతుంది. ఎందుకంటారా? ఆ అడవినిండా జింకలు, అడవిపందులు, నెమళ్లు, కుందేళ్లు. వాటన్నిటికంటే ఎక్కువ కొండముచ్చులు! నల్లటి మొహాలు, బారెడు తోకలు, తెల్లారితే చాలు ఒకటే గెంతులు.

ఆ కొండముచ్చుల గుంపులో రేగి అనే పిల్ల ఉండేది. రేగుపళ్లంటే పడిచచ్చేది కాబట్టి అందరూ దాన్ని రేగీ అనే పిలిచేవారు. గెంతడం మొదలుపెడితే దాన్ని ఎవరూ అందుకోలేకపోయేవారు. ఇక్కడుందే అనుకునేలోపు అక్కడ ఉండేది!

ఒకరోజు రేగి వాగులో నీళ్లు తాగుతోంది. పొద వెనక నక్కిన చిరుత ఒక్క ఉదుటున మీదికి దూకింది. అమ్మో! రేగి కెవ్వుమని అరిచి, విదిలించుకుని, ఎలాగో చెట్టెక్కేసింది. ప్రాణం దక్కింది కానీ తోక దక్కలేదు. బారెడు తోకలో జానెడే మిగిలింది.

"పోతే పోయింది వెధవ తోక. బతికి బట్టకట్టావు, నాకు అదే పదివేలు" అంది వాళ్ల అవ్వ ఈరవ్వ, గాయానికి ఆకుపసరు పూస్తూ.

గాయమైతే మానింది. అసలు కష్టం అప్పుడే మొదలైంది. గాల్లోకి గెంతినప్పుడు కొండముచ్చు ఒళ్లు అటూ ఇటూ తిరిగిపోకుండా కాపాడేది తోకే కదా! రేగి గెంతిన ప్రతిసారీ పక్కకు తిరిగిపోయి దబ్బున కింద పడేది. దగ్గరి కొమ్మలు కూడా దానికి అందేవి కావు.

గుంపుకు పెద్ద కేతడు. వాడి తోక అందరి తోకలకంటే పొడుగు. దాన్ని రోజూ దువ్వి, జెండాలా పైకెత్తుకుని తిరిగేవాడు. రేగి పడిపోతే వాడికి ఎక్కడలేని సరదా.

"ఏమే పొట్టితోకా! నీకు చెట్లెందుకే? కుందేళ్లతో కాపురం పెట్టెయ్యరాదూ?" అనేవాడు. గుంపంతా గొల్లున నవ్వేది.

రేగికి ఏడుపొచ్చేది. కానీ ఆ నవ్వులకంటే పెద్ద భయం ఒకటి దాని గుండెలో కూర్చుంది. ఎండాకాలం దగ్గర పడుతోంది.

ఎండాకాలం వస్తే బొంగులకోనలో వాగు ఎండిపోతుంది. ఆకులు రాలిపోతాయి. చిరుత కంట పడకుండా దాక్కోవడానికి చోటుండదు. అందుకే ఏటా గుంపంతా లోయ దాటి అవతలి కొండకు పోతుంది. అక్కడ ఏడాది పొడుగునా ఊట నీళ్లే! దాటడం మాత్రం అంత తేలిక కాదు. ఇవతల ఒక మద్దిచెట్టు, అవతల ఒక నేరేడుచెట్టు. మద్దిచెట్టు పెద్దకొమ్మ చివర నుంచి ఒక్క గెంతులో నేరేడుకొమ్మను అందుకోవాలి. కింద చూస్తే కళ్లు తిరిగే లోయ. గెంతలేనివాళ్ల కోసం గుంపు ఆగదు. అది వాళ్ల తాతలనాటి కట్టుబాటు.

అంటే ఈసారి రేగి ఇక్కడే ఉండిపోవాలి. ఒంటరిగా, నీళ్లు లేకుండా, ఆ చిరుతతో!

ఒక మధ్యాహ్నం రేగి లోయ అంచున మద్దిచెట్టు పక్కనున్న వెదురు పొదల దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. అంతలో హోరుమని గాలి లేచింది. పొడవాటి వెదుళ్లు లోయ మీదికి వంగాయి. వంగాయి, వంగాయి, ఇంకా వంగాయి! ఒక వెదురు చివర నేరేడుకొమ్మకు తగిలినంత పనైంది. గాలి తగ్గగానే రయ్యిన వెనక్కి లేచింది.

రేగి ఏడుపు టక్కున ఆగిపోయింది. ఒక్క పరుగున అవ్వ దగ్గరికి పోయింది.

"అవ్వా, అవ్వా! నేను గెంతను. వెదురెక్కి దాటేస్తా!"

"హవ్వ! వెదురా?" ఈరవ్వ నోటి మీద చెయ్యేసుకుంది. "అది చెట్టు కాదే పిల్లా, గడ్డి! చిగుళ్లు కొరుక్కుతింటాం గానీ, కొండముచ్చై పుట్టి గడ్డెక్కుతారా ఎవరైనా? నలుగురూ ఏమనుకుంటారు?"

నిజమే. కొండముచ్చులకు వెదురెక్కడం అంటే మహా నామోషీ. అది జింకలు మేసే గడ్డికి అన్నగారని వాళ్ల లెక్క. అందుకే ఇన్ని తరాల్లో ఒక్కరైనా దాన్ని ఎక్కి చూడలేదు.

రేగి ఎక్కింది. సర్రున జారి కింద పడింది. మళ్లీ ఎక్కింది. ఈసారి వెదురు విసురుగా ఊగి దాన్ని ముళ్లపొదలో పారేసింది. కొండముచ్చుకు బలమంతా కాళ్లలో ఉంటుంది. వెదురుకు వేలాడాలంటే చేతుల్లో ఉండాలి. పాపం, దాని అరచేతులు చీరుకుపోయాయి. భుజాలు సలుపు పెట్టాయి.

కేతడు చూడనే చూశాడు. "రండర్రా, రండి! పొట్టితోక గడ్డెక్కుతోంది! రేపటినుంచి గడ్డి మేస్తుంది కాబోలు!"

ఆ రోజు రేగి చేతులెత్తేసింది. నేల మీద పడుకుని "నా వల్ల కాదు, నా వల్ల కాదు" అని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక, దానికి వాగు దగ్గర చిరుత మీద పడ్డ రోజు గుర్తొచ్చింది. వెంటనే ఒక ఆలోచన వచ్చింది.

'ఆ రోజు నన్ను చిరుత పంజా కిందనుంచి ఎవరు లాక్కొచ్చారు? తోకా? కాదే! నేనే! నా చేతులు, నా కాళ్లు, నా గుండెధైర్యం. అవన్నీ నా దగ్గరే ఉన్నాయిగా! చిరుతకే లొంగనిదాన్ని, ఈ వెదురుకు లొంగుతానా?'

చెంగున లేచింది! కళ్లు తుడుచుకుని మళ్లీ వెదురు పట్టుకుంది.

ఇక చూడాలి దాని పట్టుదల! పొద్దున్నే వెదురు, మిట్టమధ్యాహ్నం వెదురు, పొద్దుగూకేదాకా వెదురే. సగందాకా కాళ్లతో పెనవేసి ఎక్కాలని తెలుసుకుంది. వంగడం మొదలవగానే కాళ్లు వదిలేసి చేతులతో వేలాడాలని తెలుసుకుంది. మొదట చిన్న వెదుళ్లు, తర్వాత పెద్దవి. దాని చేతులు ఉడుంపట్టు పట్టడం నేర్చుకున్నాయి. కానీ లోయ మీదికి ఒక్కసారీ పోలేదు. ఆ మాట తలుచుకుంటేనే గుండె దడదడలాడేది.

వాగు ఎండిపోయింది. గుంపంతా మద్దిచెట్టు దగ్గర చేరింది. తల్లులు పిల్లల్ని పొట్టలకు కరుచుకున్నారు. ఈరవ్వ రేగి వంక చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

కేతడు కొమ్మ చివరికి పోయాడు. పోయినవాడు గెంతొచ్చుగా? ఊహూ! తోక నిటారుగా లేపాడు. కొమ్మ మీద ఒకటే కుప్పిగంతులు. "చూడండర్రా! తోకంటే ఇదీ! దాటడమంటే ఇదీ!"

ఆ ఏడు వానల్లేక ఆ కొమ్మ లోపల గుల్లయిపోయి ఉంది. ఫెళ్! కొమ్మ విరిగింది! కేతడు కేరుమంటూ లోయలోకి జారిపోయాడు. వాడి అదృష్టం బాగుండి గట్టుకు వేలాడే ఒక వేరు చేతికి చిక్కింది.

అంతలో వెనక దూరంగా గుర్రుమన్న చప్పుడు. అందరూ తిరిగి చూశారు. ఎండిన వాగు అవతలినుంచి పొంచి పొంచి వస్తున్న చిరుత! ముందు లోయ, వెనక చిరుత, దాటడానికి కొమ్మ లేదు. పిల్లలు గోల పెట్టారు.

"వెదురెక్కండి!" అని అరిచింది రేగి. "నా వెనకే రండి!"

"గడ్డా?" అన్నారు ఎవరో.

"పరువు కావాలా, ప్రాణం కావాలా?" అని కసిరి, రేగి అన్నిటికంటే పొడవైన వెదురు మీదికి ఎగబాకింది. సగం దాటింది. వెదురు వంగింది. కాళ్లు వదిలేసింది. అయ్యబాబోయ్, కింద లోయ! 'నేనున్నాను, నేనున్నాను' అని తనకు తానే చెప్పుకుంటూ చివరిదాకా పాకింది. ఒక చెయ్యి చాచింది. నేరేడుకొమ్మ అందింది!

వెదురు చివరను లాగి నేరేడుకొమ్మ పంగలో ఇరికించింది. అంతే, లోయ మీద వంతెన తయారైంది!

"అవ్వా, రా! అత్తా, కిందికి చూడకు, నన్నే చూడు!" అని కేకలేస్తూ ఒక్కొక్కరినీ చెయ్యిచ్చి లాగింది. తల్లులు దాటారు, పిల్లలు దాటారు, ఈరవ్వ కూడా దాటేసింది. అప్పటికి చిరుత గట్టుదాకా వచ్చేసింది. ఇక మిగిలింది కేతడే. వాడు వేరు పట్టుకుని వెదురు మొదలుదాకా పాకి వచ్చాడు గానీ, అక్కడే బిగుసుకుపోయాడు.

"మావా, ఎక్కు! చిరుత నీ వెనకే ఉంది!"

కేతడు కళ్లు మూసుకుని గడ్డెక్కాడు! చిరుత కూడా వాడి వెనకే వెదురెక్కింది. పంజా విసిరింది. కేతడి తోక సగానికి సగం చిరుతకే పోయింది.

"రేగమ్మా! పట్టుకో తల్లీ!" అని కేతడు లబలబలాడాడు. రేగి వాడి చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజి కొమ్మ మీద పడేసింది. వెంటనే పంగలో ఇరుకున్న వెదురును బలమంతా పెట్టి తన్నింది. రయ్యిన వెదురు వెనక్కి లేచింది! చిరుత గాల్లో గిరికీలు కొట్టి మద్దిచెట్టు వైపు ముళ్లపొదలో కూలబడింది. అది కుంటుకుంటూ పోతుంటే కొండముచ్చులు చేసిన అల్లరికి కొండ మారుమోగింది.

ఆ సాయంత్రం ఊట దగ్గర అందరూ రేగినే ముందు నీళ్లు తాగమన్నారు. ఆరోజునుంచి గుంపుకు దారి చూపించేది రేగే.

మర్నాడు పొద్దున్నే రేగి లేచి చూస్తే, ఊట పక్కనున్న వెదురు ఒకటి తెగ ఊగుతోంది. దాని మీద కేతడు, సగం తోకతో, చెమటలు కక్కుతూ వేలాడుతున్నాడు. రేగిని చూసి సిగ్గుతో తల దించుకున్నాడు.

"నవ్వకే తల్లీ. ముందు చేతులు వదలాలా, కాళ్లు వదలాలా? అది చెప్పు."

రేగి నవ్వలేదు. వెదురెక్కి వాడి పక్కన వేలాడింది. "ముందు భయం వదులు మావా. తర్వాత కాళ్లు" అంది.

నీతి: పోయినదాన్ని తలుచుకుని కుంగిపోకుండా, మనలో మిగిలున్న బలాన్ని నమ్ముకుని పట్టుదలతో సాధన చేస్తే ఎంతటి కష్టాన్నైనా దాటగలం. ఉన్నదాన్ని చూసుకుని మిడిసిపడి ఇతరులను ఎగతాళి చేస్తే, ఏదో ఒకనాడు వాళ్ల చెయ్యే పట్టుకోవాల్సి వస్తుంది.