మడచెట్టు తాగిన ఉప్పునీళ్లు

ఒకప్పుడు మడచెట్టు మామిడిలా, చింతలా పొడినేల మీదే ఉండేది. సముద్రం వంక కన్నెత్తి చూసేది కాదు. చూడనిస్తే కదా వాళ్లమ్మ!

వాళ్లమ్మ నేలమ్మ. మేనమామ సముద్రుడు. సొంత అన్నాచెల్లెళ్లే కానీ, గట్టు దగ్గర రోజూ పోట్లాటే. "ఇది నాది" అంటూ ఆయన అలతో కొట్టి గట్టు కూల్చేవాడు. "చూస్తాగా నీ సంగతి" అంటూ ఆవిడ ఏటికి అడ్డంగా ఇసుక పోసి, తియ్యనీళ్లు ఒక్క చుక్క ఆయన ఇంటికి పోనిచ్చేది కాదు.

"మీ మామ గడప తొక్కి గుక్కెడు నీళ్లు తాగావో, నామీద ఒట్టే!" అని మడతో చెప్పింది.

ఒకరోజు పొద్దున్నే పీత ఏడుస్తూ వచ్చింది. దాని పిల్లలు నీళ్లలో ఆడుకుంటారు, బురదలో పడుకుంటారు.

"మడక్కా, నిన్న అల కొట్టి నా పిల్లలు ఆరుగురు పోయారు. మీ మామేమో 'బురదలో పడుకునేవాళ్లు నావాళ్లు కాదు' అన్నాడు. మీ అమ్మేమో 'ఉప్పునీళ్లు తాగేవాళ్లు నావాళ్లు కాదు' అంది. మిగిలినవాళ్లని ఎక్కడ దాచుకోనక్కా?"

మడ అమ్మనీ మామనీ కేకేసి పిలిచింది. ఇద్దరికీ చెప్పి చూసింది. ఇద్దరిదీ ఒకటే మాట: "ముందు అవతలివాళ్లని తగ్గమను."

ఇక మడ మెల్లిగా గట్టు దిగింది. పాదాలు అమ్మ బురదలోనే పాతుకుని, మోకాళ్లదాకా మామ నీళ్లలో నిలబడింది. పీత పిల్లలు దాని కాళ్ల చాటున చేరారు.

"మామయ్యా, నీ మేనకోడలు భోజనానికొచ్చింది. వడ్డించవూ?"

అల ఎత్తిన సముద్రుడు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఎంత పంతమున్నా, విస్తరి ముందు కూర్చున్నవాళ్ల మీద చెయ్యి చేసుకుంటారా ఎవరైనా? ఆయన ఇంట ఉన్నవి ఉప్పునీళ్లే. అవే పోశాడు. మడ గటగటా తాగింది. గొంతు మండింది, ఆకులు వణికాయి. అయినా "ఇంకాస్త పొయ్యి మామయ్యా" అంది, పిచ్చితల్లి!

"చాల్లే తల్లీ, చాలు" అంటూ సముద్రుడు అలని నెమ్మదిగా దించాడు.

నేలమ్మకి మాత్రం ఒళ్లు మండింది. "ఒట్టు తీసి గట్టుమీద పెట్టావుటే!" అని అరిచింది.

మడకి దాహంతో మాట పెగల్లేదు. 'నిన్ను వదల్లేదమ్మా' అన్నట్టు బురదలోంచి వేళ్ల కొసలు పైకెత్తి చూపించింది. కన్నతల్లి కదా, ఎంతసేపు చూస్తూ ఉంటుంది? ఇసుకని తనే తోసేసి ఏటిని వదిలింది.

"నా కూతురి దాహానికి వదిలాను. మీ మామ కోసం అనుకునేవు!" అంది ముక్కు ఎగబీలుస్తూ.

ఏరు మడ కాళ్లు కడిగి సముద్రంలో కలిసింది. "మా చెల్లాయి పంపింది" అని సముద్రుడు మురిసిపోతూ తాగాడు. ఎన్నేళ్లయిందో పాపం, ఆ తీపి ఎరగక!

ఆ అన్నాచెల్లెళ్లు ఇప్పటికీ గొణుక్కుంటూనే ఉంటారు. మధ్యలో పిల్ల ఉందని తగ్గుతారు.

అప్పటినుంచే మడచెట్టు ఏరూ సముద్రమూ కలిసే చోట నిలబడి ఉంటుంది. బురదలోంచి వేళ్లు పైకెత్తి అమ్మకి చూపిస్తుంది. తాగిన ఉప్పు దాని ఆకుల మీద చెమటలా పోస్తుంది. ఆ కాళ్ల సందుల్లో పీత పిల్లలు హాయిగా నిద్రపోతారు.