వాసంతో సహా ఊరెళ్ళిన ఉయ్యాల

గంగరేగువలసలో తెలివైనవాళ్ళ ఇల్లెక్కడని అడిగితే నూకరాజు ఇల్లు చూపిస్తారు. చూపించేది కూడా నూకరాజే.

ఆ ఇంట్లో నూకరాజు, వాళ్ళన్న సన్యాసయ్య, తల్లి నూకాలమ్మ ఉంటారు. తమలో ఎవరికి తెలివెక్కువో తేల్చుకుందామని ఒకరోజు పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా వాదించుకున్నారు. ఆ వాదనలో వంట సంగతి మర్చిపోయారు. "చూశావా అమ్మా, తెలివితోనే కడుపు నిండిపోయింది" అన్నాడు సన్యాసయ్య. "మరేటనుకున్నావు" అంది నూకాలమ్మ. అంతే, ముగ్గురూ తృప్తిగా పడుకున్నారు.

నూకరాజు భార్య పైడితల్లి మాత్రం మామూలు మనిషి. కాపరానికొచ్చిన కొత్తలో కంగారుపడేది. తర్వాత్తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నేర్చుకుంది. "మా ఆయన ఏం చెబితే అది చెప్పినట్టు చేస్తాడు" అని అందరితోనూ గొప్పగా చెప్పుకునేది. ఇంటికి వచ్చిన ఇబ్బందులన్నీ అక్కణ్ణించే వచ్చాయి.

ఆ పైడితల్లికి ఆడపిల్ల పుట్టింది. పుట్టింట్లో పురుడు పోసుకుని, పిల్లకి మూడో నెల రాగానే అత్తింటికి వచ్చింది. కూడా వాళ్ళమ్మ దాలెమ్మ వచ్చింది. కొన్నాళ్ళుండి అన్నీ సర్ది వెళదామనుకుంది. వచ్చిన మర్నాడే, "సన్యాసయ్య బాబూ, నేనొచ్చేదాకా ఉయ్యాల ఊపుతూ ఉండు" అని చెప్పి సంతకి వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి పాప వంటింట్లో తల్లి ఒళ్ళో ఉంది. సన్యాసయ్య పంచలో చెమటలు కక్కుతూ ఖాళీ ఉయ్యాల ఊపుతున్నాడు.

"అదేటి బాబూ, అందులో పాప లేదు కదా!"

"లేదత్తా. ఎత్తుకెళ్ళిపోయి చాలాసేపయింది."

"మరి ఎవరికోసం ఊపుతున్నావు?"

"మీకోసమే. మీరు ఇప్పుడే కదా వచ్చారు" అని ఉయ్యాల వదిలి, నడుం పట్టుకుని కూలబడ్డాడు సన్యాసయ్య.

దాలెమ్మ ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. పొద్దున్నే మూట కట్టుకుని, అన్నదమ్ములిద్దర్నీ ఎదుట కూర్చోబెట్టుకుంది.

"బాబూ, మా అమ్మ సూరమ్మ మా తమ్ముడి దగ్గర్నించి మా ఇంటికొచ్చిందని కబురొచ్చింది. మునిమనవరాల్ని చూడాలంటోంది. ఆదివారం పాపని మా చింతలగరువు తీసుకురండి. మీరిద్దరే తేవాలి. మా పైడి వస్తుంది గానీ పాలివ్వడం తప్ప ఇంకో పని చెయ్యదు, ఒక్క మాట సాయం చెప్పదు. పాప కంట్లో నీటిచుక్క లేకుండా, ఒంటి మీద గీత పడకుండా నా చేతికొచ్చిందా, మీ పిల్ల మీ ఇంట్లోనే పెరుగుతుంది. లేదా, దానికి బడి వయసొచ్చేదాకా తల్లీ పిల్లా నా దగ్గరే."

నూకరాజు చప్పున మీసం తడుముకున్నాడు. పాప ఈమధ్యే అతని మీసం పట్టుకుని లాగడం నేర్చుకుంది. బడి వయసొచ్చేదాకా లాగేవాళ్ళు లేకపోతే ఇక మీసం దేనికి?

"ఏం చెయ్యాలో చెప్పండత్తా. పొల్లు పోకుండా చేస్తాం."

"ఏముంది, నిద్రపోతున్న పిల్లని లేపకండి. బయటినించి వచ్చినవాళ్ళని కాళ్ళు కడుక్కోకుండా దగ్గరికి రానివ్వకండి. ఎవరైనా ముద్దొస్తోందంటే దిష్టి తగులుతుంది, చుక్క పెట్టండి. ఇంతే." అని దాలెమ్మ బస్సెక్కింది.

"ఇంతేనా!" అన్నాడు సన్యాసయ్య. "ఇంత చిన్నపనికి ఇద్దరం తెలివైనవాళ్ళం ఎందుకురా? వృథా."

ఆదివారం వచ్చింది. పాపకి తలంటి, పాలు పట్టి, పంచలో ఉయ్యాల్లో వేసింది పైడితల్లి. చీరతో కట్టిన ఉయ్యాల అది. పంచకప్పుని మోసే పొడుగాటి వెదురువాసానికి వేలాడుతోంది. అన్నదమ్ములు కొత్త పంచెలు కట్టుకుని వచ్చి చూసేసరికి పాప హాయిగా నిద్రపోతోంది. బస్సేమో వచ్చే వేళయింది.

"ఎత్తితే లేస్తుంది" అన్నాడు నూకరాజు.

"అయితే ఎత్తొద్దు. ఉయ్యాలతోనే తీసుకెళదాం."

"ఉయ్యాల విప్పితే కుదుపుకి లేస్తుంది కదన్నా."

"ఎవరు విప్పమన్నారు? వాసంతోనే తీసుకెళదాం."

నూకరాజు అన్నవైపు భక్తిగా చూశాడు. పైడితల్లి ఏదో అనబోయి, అమ్మ మాట గుర్తొచ్చి కొంగు నోట్లో పెట్టుకుంది. ఇంకేముంది! ఆ కొసా ఈ కొసా కట్లు కోసి, వాసాన్ని మెల్లగా జరిపి, చెరో భుజం మీదా పెట్టుకున్నారు. నడుమ ఉయ్యాల, ఉయ్యాల్లో పాప. ఇద్దరూ పిల్లుల్లా అడుగులేసుకుంటూ వీధిలోకొచ్చారు. నూకాలమ్మ సాగనంపడానికి వాళ్ళ వెనకే వచ్చింది. ఆవిడ పంచ దిగిందో లేదో, ఆధారం పోయిన పంచకప్పు మెత్తగా నేలమీద కూర్చుంది.

నూకాలమ్మ వెనక్కి తిరిగి చూసింది. "పోన్లెండి, పిల్ల లేవలేదు" అంది.

బస్సొచ్చింది. వాసం ఓ కొస వెనక కిటికీలోంచి, ఇంకో కొస ముందు తలుపులోంచి బయటికి పొడుచుకొచ్చింది. సీట్ల కమ్మీల మీద ఆన్చేసరికి ఉయ్యాల బస్సు నడుమ వేలాడింది. కండక్టరు నోరు తెరిచాడు.

"ఏటిది?"

"మా పాప" అన్నాడు నూకరాజు.

"అది కాదు, ఈ కర్ర!"

"మా ఇల్లు."

కండక్టరు నోరు మూసుకున్నాడు. బస్సు కదిలింది. బస్సు ఊగుతుంటే ఉయ్యాల దానంతటదే ఊగింది. సన్యాసయ్యకి ఈ ఏర్పాటు భలే నచ్చింది. ఇంటి దగ్గర కూడా ఓ బస్సుంటే తన నడుం బాగుపడేదనుకున్నాడు.

తర్వాతి ఊళ్ళో జనం ఎక్కబోయారు. అన్నదమ్ములు ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. వీళ్ళందరూ బయటినించి వస్తున్నవాళ్ళే! సన్యాసయ్య ఒక్క ఉరుకున దిగి, రోడ్డు పక్క బోరింగు దగ్గర ఎవరిదో బిందె అడిగి నింపుకొచ్చి, బస్సు మెట్టు మీద అడ్డంగా కూర్చున్నాడు.

"కాళ్ళు!" అన్నాడు మొదటాయనతో.

ఆయన పెద్దాయన. ఏమీ అడక్కుండా కాలు చాపాడు. సన్యాసయ్య శుభ్రంగా కడిగి, కొత్త పంచెతో తుడిచాడు. పెద్దాయన కళ్ళు చెమర్చాయి. "నా పెళ్ళిలో మా మావగారు కడిగారు బాబూ. మళ్ళీ నువ్వే" అని అక్షింతలు లేక ఉత్త చేత్తోనే దీవించి లోపలికెళ్ళాడు.

వెనక ఒకావిడ మేకతో వచ్చింది.

"దానివి కూడా" అన్నాడు సన్యాసయ్య.

"మేకకి కాళ్ళు కడగడమేటి?"

"అది కూడా బయటినించే కదమ్మా వస్తోంది."

మేక ఒప్పుకోలేదు. ముందు కాళ్ళు కడిగితే వెనక కాళ్ళతో తన్నింది. బిందె దొర్లింది. నీళ్ళన్నీ బస్సులోకి పారాయి. సరిగ్గా అప్పుడే డ్రైవరు బస్సు కదిపాడు. అంతే! "టికెట్, టికెట్" అంటూ ముందున్న కండక్టరు ఒక్క అడుగు వెయ్యకుండానే వెనక సీటు దాకా వెళ్ళిపోయాడు. వెళ్ళిన మనిషి అక్కడే ఉండిపోయి, అటువైపు టికెట్లు కొట్టుకున్నాడు.

ఈ గొడవకి పాప లేచింది. ఏడుస్తుందేమోనని నూకరాజుకి ప్రాణం పోయినంత పనయింది. పాప ఏడవలేదు. మేకని చూసి కిలకిల నవ్వింది.

"అయ్యో నా తల్లే, ఎంత ముద్దొస్తోందో!" అంది మేక ఆవిడ.

దిష్టి! నూకరాజు చప్పున కాటుక భరిణె తీసి పాప బుగ్గన చుక్క పెట్టాడు.

"చుక్క పెడితే ఇంకా బాగుంది" అంది ఆవిడ.

నూకరాజు ఆలోచనలో పడ్డాడు. "అన్నా, ఇప్పుడు దిష్టి ఎవరికి తగిలినట్టు?"

"చుక్కకి" అన్నాడు సన్యాసయ్య, తడుముకోకుండా.

చుక్క పక్కన చుక్క పెట్టారు. "జంట భలే కుదిరింది" అన్నాడు ఇందాకటి పెద్దాయన. ఆ జంటకి ఇంకో చుక్క పెట్టారు. పాప మొహం వానచినుకులు పడ్డ దుమ్ములా తయారైంది. బస్సంతా లేచి నిలబడి చూస్తోంది. "పిల్లంటే ఎంత ప్రేమో ఆ తండ్రికి!" అంది ఇంకొకావిడ. దాంతో నూకరాజు బుగ్గన కూడా చుక్క పడింది. "ఆ అన్నదమ్ముల్ని చూడండి, రామలక్ష్మణులు" అన్నారెవరో. సన్యాసయ్య తన బుగ్గ తనే చూపించాడు. పైడితల్లి కొంగు మొత్తం నోట్లోకి వెళ్ళిపోయింది. "ఆ ఇల్లాలు చూడు, ఎంత నెమ్మదో" అన్నారు. ఆమెకీ పెట్టారు.

ఇంతలో వెనక సీటు దగ్గరున్న కండక్టరు కూడా మెత్తబడ్డాడు. "నా సర్వీసులో ఇంత సందడి చూడలేదు. ఇవాళ మన బస్సు భలే కళకళలాడుతోంది" అన్నాడు.

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బస్సుకి దిష్టి తగిలితే లోపల పాప ఉంది కదా! భరిణెలో కాటుక అయిపోయింది. సన్యాసయ్య డ్రైవరు సీటు కింద ఉన్న గ్రీజు డబ్బా తీశాడు. బస్సుకి బుగ్గ ఎక్కడుంటుందో తెలియలేదు గానీ, మొహం ముందువైపే ఉంటుందని తెలుసు. పక్క ఊళ్ళో బస్సాగగానే దిగి, ముందు అద్దం మీద, నిండుగా, చక్కగా, బస్సుకి తగ్గంత చుక్క పెట్టొచ్చాడు. డ్రైవరు టీ తాగి వచ్చి కూర్చుని చూస్తే ఎదురుగా రోడ్డు లేదు.

"ఎవడ్రా ఇది చేసింది?"

"దిష్టి పోవడానికండీ" అన్నాడు సన్యాసయ్య.

"నాకు దృష్టే పోయింది కదరా నాయనా! దిగండి!"

దింపేశారు. వాసం బయటికి లాగడానికి బస్సులోవాళ్ళంతా సాయం పట్టారు. కాళ్ళు కడిగించుకున్న పెద్దాయన అందరికన్నా గట్టిగా పట్టాడు. అక్కణ్ణించి గట్టు దారిన నడక. ముందు సన్యాసయ్య, వెనక నూకరాజు, నడుమ పాప, కాస్త దూరంలో నవ్వాపుకోలేక నడుస్తున్న పైడితల్లి.

చింతలగరువులో దాలెమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. మచ్చల మచ్చల మనుషులు ఏదో మోసుకొస్తుంటే ఎవరో అనుకుంది. దగ్గరికొచ్చాక గుండెలు బాదుకుంది.

"ఏం చేశార్రా నా మనవరాల్ని!"

తడిగుడ్డ తెచ్చి పాప మొహం తుడిచింది. గీత లేదు. వేళ్ళు చూసింది, అరికాళ్ళు చూసింది. ఎక్కడా ఏమీ లేదు. కళ్ళు చూసింది. తడి లేదు. పాప అమ్మమ్మని చూసి బోసినోటితో నవ్వింది.

నూకరాజు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. దాలెమ్మ పాపని ఇంకోసారి అటూ ఇటూ తిప్పి చూసింది.

"సరే" అంది చివరికి. "మాటంటే మాటే. మీ పిల్ల మీదే. భోంచేసి తీసుకెళ్ళండి."

నూకరాజు ఏడ్చేశాడు. అతను ఏడవకూడదని ఎవరూ చెప్పలేదు.

వాసాన్ని రెండు పాక గుంజల మధ్య ఆన్చి భోజనాలకి కూర్చున్నారు. గెలిచినవాళ్ళు ఎంత తింటారో అంతా తిన్నారు. పైడితల్లి పాపకి పాలిచ్చి, లోపలి గదిలో పక్కన వేసుకుని అలాగే నిద్రపోయింది. పాప తాతమ్మ సూరమ్మ మాత్రం ఉయ్యాల చుట్టూ తిరుగుతోంది. గుప్పెడు మనిషి ఆవిడ. "చిన్నప్పుడు ఎక్కానో లేదో గుర్తులేదు. ఓసారి చూస్తాను" అని ఎక్కి ముడుచుకు పడుకుంది. రెండు ఊపులకే గురక తీసింది.

అన్నదమ్ములు ఓ కునుకు తీసి లేచేసరికి ఎండ తగ్గుతోంది. ఉయ్యాల బరువుగా వేలాడుతోంది, లోపల ఊపిరి వినిపిస్తోంది. "వెళ్ళొస్తాం అత్తా!" అని పెరట్లోకి కేకేశాడు నూకరాజు. "మంచిది బాబూ!" అంది దాలెమ్మ, గేదె పాలు పితుకుతూ. "పైడీ, పద" అన్నాడు లోపలికి. పైడితల్లి పలకలేదు. పొద్దున్నించీ పలకడం లేదు కాబట్టి వెనకే వస్తోందని లెక్క.

రోడ్డు మీద ఇందాకటి బస్సే ఎదురైంది. వీళ్ళని చూసి ఆగలేదు సరికదా, వేగం పెంచింది. నడుచుకుంటూనే వెళ్ళారు.

"అన్నా, భుజం విరిగిపోతోంది. ఇంత బరువెలా పెరిగింది?"

"అమ్మమ్మ ఇల్లు కదరా. తిన్నది చూస్తుండగానే ఒంటబట్టేస్తుంది."

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరారు. నూకాలమ్మ ఎదురొచ్చి ఉయ్యాల మీద చెయ్యి వేసింది. లోపల్నించి చిన్న దగ్గు వినిపించింది. ఆపైన గొంతు.

"చుట్టుందా?"

ముగ్గురూ కొయ్యబారిపోయారు. ముందు తేరుకున్నది సన్యాసయ్య. "మాటలొచ్చేశాయి!"

"మాటలు సరే" అంది నూకాలమ్మ. "మొదటి మాట అమ్మ అనాలి, నాన్న అనాలి. చుట్టేటి?"

"ఒక్క పూటే కదమ్మా వాళ్ళింట్లో ఉంది!"

"ఒక్క పూటకే చుట్ట అడిగింది. బడి వయసొచ్చేదాకా ఉంచుంటే ఏమయ్యేది?"

ఇక జన్మలో పాపని ఆ ఊరు పంపేది లేదని నూకరాజు అక్కడికక్కడే ఒట్టేసుకున్నాడు.

తెల్లారేసరికి దాలెమ్మ పరుగున వచ్చింది. పక్కన పైడితల్లి, చంకలో పాప. "మా అమ్మని మాకిచ్చెయ్యండి బాబూ" అంది రొప్పుతూ.

నూకరాజు గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపాడు.

"పందెం గెలిచానత్తా. పిల్ల నాది. చచ్చినా ఇవ్వను."

చంకలోని పాప ముందుకు వంగి అతని మీసం పట్టుకుని లాగింది. నూకరాజు మర్యాదగా విడిపించుకున్నాడు.

"మీ పాప కూడా ముద్దుగానే ఉంది, కాదనను" అన్నాడు. "కానీ పోల్చి చెబుతున్నాననుకోకండి. దీనికింకా మెడైనా సరిగ్గా నిలబడలేదు. మా పాపని చూడండి, చుట్ట తనే వెలిగించుకుంటోంది."